స్టాండు కొనేముందు టేపు పట్టుకో

మేనల్లుడా,

డర్ట్ బైక్ స్టాండుల్లో ఏది కొనాలని అడిగావు. నువ్వు పంపిన బొమ్మల్లోవి అన్నీ గట్టివే, కానీ చాలావరకు నీ బండి కింద దూరవు. అవి మోటోక్రాస్ బండ్ల కోసం చేసినవి. కవాసాకీ కేఎక్స్ 250 లాంటి బండి 110 కిలోల లోపు ఉంటుంది, ఇంజన్ కింద 330 మిల్లీమీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది. కాలితో తొక్కి లేపే, అడుగు ఎత్తుండే స్టాండు దానికి సరిపోతుంది. నీ హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ దాదాపు 160 కిలోలు, కింద ఖాళీ 220 మిల్లీమీటర్లు. ప్రో రకానికైనా 270. అడుగంటే 305! ఈ లెక్క చూడకుండా ‘మూడొందల కిలోలు మోస్తుంది’ అన్న మాట పట్టుకుని కొంటే, ప్రతిసారీ ఇద్దరు పట్టి బండిని దాని మీదికి ఎత్తాలి. మనుషులు అంత సులువుగా దొరికితే ఇక స్టాండెందుకు?

కాబట్టి బండిని నిటారుగా పట్టించి, ఇంజన్ కింది బ్యాష్ ప్లేటు నుంచి నేల దాకా కొలువు. దించినప్పుడు అంతకంటే రెండు వేళ్లు తక్కువుండేదే పనికొస్తుంది. ఎంత ఎత్తుకు లేస్తుందో కూడా చూడాలి. జాకీ తిప్పుతుంటే మొదట టైరు లేవదు. బండి తన బరువుకే కొంత కుంగి ఉంటుంది కదా, ఆ కుంగుడు పోయి చక్రం కిందికి వేలాడాకే నేలను వదులుతుంది. అందుకే ఇంటికి నేను చెప్పేది కత్తెర జాకీ, పైన వెడల్పాటి పీట, దాని మీద రబ్బరు ఉన్నది. సైడ్ స్టాండు కింద చెక్క పలక పెట్టి బండిని దాదాపు నిటారుగా తెచ్చి, ఆ తర్వాత నింపాదిగా తిప్పుకో. తొక్కుడు స్టాండు అయితే చిటికెలో లేస్తుందంటావు. నిజమే, కానీ 160 కిలోల బండిని ఒక కాలితో లేపుతూ రెండు చేతులతో నిలబెట్టడం ఒంటరివాడి పని కాదు. చైన్‌కు నూనె వేయడం వరకే అయితే వెనక చక్రాన్ని లేపే పాడక్ స్టాండు చాలు, ముందు చక్రానికి మాత్రం అది అక్కరకు రాదు.

మరి బరువు మోసే శక్తి చూడొద్దా అంటే, చూడు. అయితే ఆ అంకె నిలువుగా పడే బరువుకు, చదును నేల మీద చెప్పింది. బండి స్టాండును నలిపి పడదు, ఒరిగి పడుతుంది. ఇరుసు నట్టు మీద పొడుగు పానా వేసి లాగినప్పుడు ఆ లాగుడంతా బండికి తగులుతుంది. అందుకే చక్రాలు నేల మీద ఉండగానే నట్టు వదులు చేసుకో. వెనక చక్రం తీస్తే బరువు ముందుకు మొగ్గుతుంది, కాబట్టి జాకీని కాస్త ముందుకు జరుపు. ముందు చక్రమైతే వెనక్కి.

దారిలో సంగతి వేరు. నీవి ట్యూబు టైర్లు, మన తిరుపతి వైపు ఎటు పోయినా సర్కారు కంప ముళ్లు. పంచర్ సిమెంటు నేల చూసుకుని పడదు, చెరువు కట్ట మీదో స్వర్ణముఖి ఇసుకలోనో పడుతుంది. అక్కడికి జాకీ మోసుకుపోలేవు. సైడ్ స్టాండు ఎడమ పక్క ఉంటుంది గనక, కుడి పక్క స్వింగ్ ఆర్మ్ కింద పెట్టే మడత ఊతకర్ర ఒకటి బ్యాగులో ఉంటే వెనక చక్రం లేస్తుంది. రాయి పెడితే సరిపోదా అంటారు. రాయి బరువు మోస్తుంది, కానీ నీకు కావలసిన ఎత్తులో దొరకదు, నున్నటి బ్యాష్ ప్లేటు కింద జారుతుంది. పక్కకు పడుకోబెట్టి విప్పితే పెట్రోలు కారొచ్చు, కింద పడ్డ వైపు ఇరుసుకు చెయ్యి అందదు.

ఊతకర్రను తిరుపతిలో ఏ వెల్డింగు అంగట్లోనైనా చేయించుకోవచ్చు. పైపు ఒకదాంట్లో ఒకటి దూరి, పిన్నుతో ఎత్తు మారేట్టు ఉండాలి. పైన స్వింగ్ ఆర్మ్‌ను పట్టే వంపు, ఇసుకలో దిగబడకుండా కింద అరచేయంత రేకు అడుగు పెట్టించు. దాన్ని వాడేటప్పుడు బండి ముందుకు దొర్లకుండా బ్రేకు లివరును పాత ట్యూబు ముక్కతో హ్యాండిలుకు బిగించి కట్టు.

ఇట్లు,
మీ మామయ్య