వెయిట్ లిఫ్టింగ్ సాధన: కొన్ని అనుభవాలు

"మీరు పాత విద్యార్థి, సాయంత్రాలు కుర్రాళ్ళకి వెయిట్ లిఫ్టింగ్ నేర్పుతున్నారు కదా, నాలుగు ముక్కలు రాసివ్వండి" అని సంపాదకవర్గం వారు అడిగారు. చేతులకి సుద్దపొడి రాసుకోవడం తెలుసు గాని, కలం పట్టడం నాకంతగా అలవాటు లేదు. తప్పులుంటే తెలుగు శాఖ వారు మన్నించాలి.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ దాకా ఈ పోటీలో మూడు రకాల ఎత్తులుండేవి. ఆ తర్వాత 'ప్రెస్' తీసేశారు. మిగిలినవి స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. స్నాచ్‌లో నేలమీది బార్‌ని ఒకే ఊపులో తలపైకి తీసుకెళ్ళాలి. రెండోదాంట్లో ముందు భుజాలకి, అక్కణ్ణుంచి తలపైకి. ఒక్కొక్కదానికి మూడు ప్రయత్నాలు. రెంటిలోని పెద్ద బరువులు కలిపితే టోటల్.

కొత్తగా వచ్చినవాడు మొట్టమొదట అడిగేది "ఎంత వెయ్యమంటారు సార్?" అనే. మగవారి బారే 20 కిలోలు, ఆడవారిది 15. నేను అది కూడా ఇవ్వను. మొదటి రెండు వారాలూ చీపురు కర్రే. నవ్వుతారు, నవ్వనివ్వండి. తప్పు దాదాపు అందరిదీ ఒకటే. బార్ ఇంకా మోకాళ్ళు దాటకముందే మోచేతులు వంచేస్తారు. చేతులు బావి చేంతాడులాంటివి. చేంతాడు బొక్కెనను పట్టుకుంటుంది, తోడేది మనిషి. ఇక్కడ నేలను తొక్కేది కాళ్ళు, ఊపునిచ్చేది తుంటి. బార్ ఒంటికి ఆనుకున్నంత దగ్గరగా రావాలి. బెత్తెడు ముందుకి పోయిందా, బరువంతా నడుము మీద పడుతుంది. బొటనవేలిని మిగతా వేళ్ళ కింద నొక్కిపట్టే 'హుక్ గ్రిప్' మొదట్లో బాగా నొప్పెడుతుంది. ఆ నొప్పి మాత్రం ఓర్చుకోవలసిందే.

ఓర్చుకోకూడని నొప్పి సంగతి చెబుతాను. 1988లో సియోల్‌లో నయీమ్ సులేమానోగ్లు 60 కిలోల తరగతిలో 190 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ చేశాడు. తన బరువుకి మూడింతల పైమాటే! హాస్టల్లో ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన పోటీ చేసింది టర్కీ తరఫున, నేర్చుకున్నది బల్గేరియాలో. అక్కడి కోచ్ ఇవాన్ అబాజియేవ్ తన శిష్యుల చేత దాదాపు రోజూ, రోజుకి కొన్నిసార్లు గరిష్ఠ బరువు ఎత్తించేవాడు. ఎవరో చెప్పగా విని నేనూ మొదలుపెట్టాను. మెస్‌లో నీళ్ళ పప్పు, రాత్రి రెండింటి దాకా ప్రాక్టికల్ రికార్డులు, తెల్లారి గరిష్ఠ బరువు! మూడో నెలలో ఒక ఉదయం బూటు లేసు కట్టుకోవడానికి వంగి మళ్ళీ లేవలేకపోయాను. ఆ ఏడు అంతర్ కళాశాల పోటీలు ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను.

బల్గేరియా వాళ్ళకి అదే ఉద్యోగమనీ, సాధన, తిండి, నిద్ర తప్ప వేరే పని లేదనీ నాకు తర్వాత తెలిసింది. అదే సియోల్‌లో ఇద్దరు బల్గేరియా లిఫ్టర్లు నిషిద్ధ మందుల పరీక్షలో దొరికి స్వర్ణాలు పోగొట్టుకున్నారు. జట్టు మొత్తం పోటీ నుంచి తప్పుకుంది. నేను కాపీ కొట్టింది సగం కాగితమే!

అందుకని నా దగ్గరి పిల్లలకి వారానికి మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఎక్కువ పని గరిష్ఠంలో 70 నుంచి 85 శాతం లోపు. విడతకి రెండు మూడు ఎత్తులు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ప్రతి నాలుగో వారం పని సగానికి తగ్గిస్తాను. వాళ్ళకి బొత్తిగా గిట్టని వారం అదే. నిద్ర ఎనిమిది గంటలు. పరీక్షల రోజుల్లో అది కుదరదు కనుక బరువులు తగ్గిస్తాం.

తిండి సంగతి. 60 కిలోల లిఫ్టర్‌కి రోజుకి సుమారు 100 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది, 100 గ్రాముల వేరుశనగ గుళ్ళలో 25 దాకా ఉంటాయి. డబ్బాల పొడి కొనేముందు ఈ లెక్క వేసి చూడండి. తరగతి బరువు కోసం నీళ్ళు మానేసేవారు కొందరున్నారు. అలాంటివారిని నేను వేదిక ఎక్కనివ్వను.

పోటీలో ఎంత అడగాలన్నది మరో విద్య. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 ఎత్తి 240 టోటల్‌తో కాంస్యం తెచ్చారు. భారత మహిళ గెలిచిన తొలి ఒలింపిక్ పతకం అది. ఆఖరి ప్రయత్నంలో 137.5 అడిగారు. లేస్తే స్వర్ణమే, లేవలేదు. 132.5 అయితే టోటల్ 242.5తో పై ఇద్దరికీ సమానమై, శరీర బరువు తేల్చేది. దీనిమీద మా పి.డి. గారూ నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం. ఆ వేదిక మీద, ఆ ఒక్క ఎత్తు మిగిలినప్పుడు, 137.5 అడగడం తప్పని నేననను. కాని విద్యార్థి మొదటి ప్రయత్నానికి మాత్రం, ఒంట్లో బాగాలేని రోజున కూడా ఎత్తగలిగిన బరువే అడగాలి.

పోయిన ఏడాది పోటీలు నాలుగు రోజులున్నాయనగా ఒక ఫైనలియర్ కుర్రాడు మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూశాను. అడిగితే ఏమీ లేదన్నాడు. వంగమన్నాను, వంగలేకపోయాడు. జాబితాలో పేరు కొట్టేశాను. "సార్, నాకిదే ఆఖరి ఏడాది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఇక్కడే ఎమ్మెస్సీలో చేరాడు. సాయంత్రం అయిదున్నరకి వస్తాడు. ఇంకా 70 శాతం దాటనివ్వలేదు. రోజూ అడుగుతూనే ఉన్నాడు.