ఎవరూ రాయని ఉత్తరం

బొబ్బిలిలో మీరూ, టెక్కలిలో మీ స్నేహితుడూ ఉత్తరాలు రాసుకుంటున్నారనుకోండి. ఒకరోజు మీకో కార్డు వచ్చింది: "ఇక నాకు రాయకు." కింద అతని సంతకం! అతనికీ అలాంటి కార్డే అందింది, మీ సంతకంతో. ఇద్దరూ అలిగి రాయడం మానేశారు. నిజానికి ఆ రెండు కార్డులూ దారిలో మూడో మనిషి రాసినవి.

2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఇలాంటి పనే చేస్తూ పట్టుబడింది.

మామూలుగా ఫైలు ఒక సర్వరు నుంచి వస్తుంది. బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలును ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కా ఒక్కొక్కరి దగ్గర తీసుకుంటూ, మీకు చేరినవి మీరూ ఇతరులకు ఇస్తుంటారు. లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును ఇలా పంచుకుంటారు. సినిమాల దొంగ ప్రతులనూ ఇలాగే పంచుతారు, అది చట్టవిరుద్ధం. తప్పు బండిలో వేసిన సరుకుది గాని బండిది కాదు.

మరి కంపెనీకి చిక్కేమిటి? పంచేవాళ్ళు గంటల తరబడి ఇంటినుంచి బయటికి డేటా పంపుతారు. కేబుల్ లైన్లలో ఆ దారి ఇరుకు, పైగా వీధిలోని ఇళ్ళన్నిటికీ అదే దారి. రద్దీ తగ్గించడానికి కంపెనీ దొంగ కార్డులు పంపింది. రెండు కంప్యూటర్ల మధ్య సంబంధాన్ని తెంచే చిన్న సందేశాన్ని 'రీసెట్' అంటారు. కంపెనీ యంత్రం ఇద్దరికీ, రెండోవాళ్ళ పేరుతో రీసెట్ పంపేది.

రాబ్ టోపోల్స్కీ అనే ఆయన నలుగురు కలిసి పాడే పాతకాలపు పాటలు పంచబోతే కుదరలేదు. ఆయన కంపెనీని తిట్టి ఊరుకోలేదు. లైనులో వచ్చీపోయే ప్యాకెట్లను నమోదు చేసి చూశాడు. ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిలు ప్రతిని రెండు కంప్యూటర్ల మధ్య పంపి పరీక్షించింది. రెండు చివర్లకూ రీసెట్‌లు వచ్చాయి, ఏ చివరా పంపలేదు! ఒక్క చివరే చూసి ఉంటే ఇది తేలేదా?

2008 ఆగస్టులో అమెరికా సమాచార కమిషన్ ఆ పని మానమంది. అలా ఆజ్ఞాపించే అధికారం కమిషన్‌కు లేదని 2010లో కోర్టు కొట్టేసింది. అప్పటికే కంపెనీ పద్ధతి మార్చుకుంది: ఏం పంపుతున్నారన్నది కాక, రద్దీ వేళ ఎవరు ఎక్కువ వాడుతున్నారన్నది చూసి వేగం తగ్గించసాగింది.

మన దగ్గర 2012లో తెలుగు చిత్రం 'దమ్ము', తమిళ చిత్రం '3' దొంగ ప్రతులను ఆపడానికి మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు చూపి, కంపెనీలు కొన్ని సైట్లను మొత్తంగా మూసేశాయి. ఎలుకకోసం ఇల్లు తగలబెట్టినట్టయింది! దొంగ ప్రతి ఉన్న చిరునామాను మాత్రమే ఆపాలని జూన్‌లో కోర్టు స్పష్టం చేసింది. 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. కంపెనీలు వివక్షతో దేన్నీ అడ్డగించరాదు, నెమ్మది చేయరాదు. కోర్టు ఉత్తర్వులు, తగుమాత్రం రద్దీ నియంత్రణ ఇందుకు మినహాయింపు.

మీ ఇంట్లో పంపకం ఆగిందా? ముందు ఆ ఫైలు ఇచ్చేవాళ్ళు అసలున్నారేమో చూడండి. తర్వాత అదే గంటలో మామూలు డౌన్‌లోడు చేసి చూడండి. ఆపై అదే ఫైలును వేరే కంపెనీ లైనున్న చుట్టాలింట్లో ప్రయత్నించండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వేళ, ఫలితం నోటుబుక్కులో రాయండి. నాన్నగారి చేత కంపెనీకి ఫిర్యాదు చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు. ఆయనకు రాసేటప్పుడు నోటుబుక్కు నకలు జతచేయండి.