రసీదుకూ రిసీట్‌కూ చుట్టరికం ఉందా?

ప్రశ్న: ఇంగ్లీషు ‘రిసీవ్’ ఎక్కడి మాట? ‘రిసీట్’ స్పెల్లింగులో పలకని ‘పి’ ఎందుకు? మన రసీదు దాన్నుంచే వచ్చిందా?

జవాబు: ‘రిసీవ్’ పుట్టిల్లు లాటిన్. అక్కడి ‘రెకిపెరె’లో ‘రె’ అంటే తిరిగి, ‘కాపెరె’ అంటే పట్టుకోవడం, తీసుకోవడం. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. ఆ దారిలోనే ‘పి’ జారిపోయింది. తర్వాత పండితులు లాటిన్ మూలం కనబడాలని ‘రిసీట్’లో దాన్ని మళ్లీ ఇరికించారు. నాలుక మాత్రం ఒప్పుకోలేదు! అదే కుదురుకు చెందిన ‘డిసీట్’, ‘కన్సీట్’ ఈ బెడద తప్పించుకున్నాయి.

వంటల ‘రెసిపీ’ కూడా ఈ ఇంటిదే. లాటిన్‌లో దానికి అర్థం ‘తీసుకో’. ఫలానా మందు ఇంత తీసుకో అని వైద్యులు చీటీ మొదట్లో రాసేవారు. ప్రిస్క్రిప్షన్ మీది ‘ఆర్ఎక్స్’ గుర్తు దాని పొట్టి రూపమే. ఒకప్పుడు వంట విధానాన్నీ ‘రిసీట్’ అనే పిలిచేవారు.

అర్థం దగ్గర ఒక జాగ్రత్త. ‘రిసీవ్’ అంటే చేతికి అందడం. ‘యాక్సెప్ట్’ అంటే ఒప్పుకోవడం. పెళ్లి సంబంధం కబురు అందినంత మాత్రాన సంబంధం ఖాయమైనట్టు కాదు కదా. ఇక స్టేషన్‌కు వెళ్లి చుట్టాలను ‘రిసీవ్ చేసుకోవడం’ మన దేశంలో బాగా నడిచే వాడుక. బ్రిటన్, అమెరికాల్లో మామూలు మాటల్లో ‘మీట్’, ‘పికప్’ అంటారు.

చివరికి రసీదు. చెవికి ‘రిసీట్’లా వినిపించినా దాని కూతురు కాదు. పారసీకంలో ‘రసీద్’ అంటే ‘చేరింది’. సొమ్ము చేరిందని రాసిచ్చే కాగితం గనక రసీదు.