పల్లె బాగోగుల లెక్క: పోటీ పరీక్షల ప్రత్యేకం

గ్రామీణాభివృద్ధిపై ప్రశ్న వస్తే చాలామంది పథకాల పేర్లతోనే పేజీలు నింపేస్తారు. పల్లె నిజంగా బాగుపడిందా అన్నది తేల్చే పద్ధతులు కూడా రాయాలి.

ఉదాహరణకు, 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకేరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడగా కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్గొండలోనే మిగిలింది. కాబట్టి పాత, కొత్త జిల్లాల అంకెలను నేరుగా పోల్చకూడదు. ఇది గుర్తుంచుకోండి.

ఒక్కరోజు లెక్క ఆనాటి స్థితినే చెబుతుంది. మార్పు తెలియాలంటే అవే కుటుంబాలను ఏళ్ల తరబడి అడగాలి. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆ పనే మొదలుపెట్టింది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరుతోపాటు మహారాష్ట్రలో నాలుగు ఊళ్లను తీసుకుంది. ఊరికి 40 కుటుంబాలు: 30 రైతులవి, 10 భూమిలేని కూలీలవి. పరిశోధకులు ఊళ్లోనే ఉండి పంట, కూలి, అప్పు, పశువుల వివరాలు రాసుకున్నారు. 1985 ప్రాంతంలో ఆగిన ఈ పని 2001లో మళ్లీ మొదలైంది. ఇంత ఓపికైన అధ్యయనాలు దేశంలో అరుదు.

సగటును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వరి దిగుబడి చూసి, అదే నల్గొండ జిల్లాలో తాగునీటిలోని ఫ్లోరైడ్‌తో జనం ఎముకలు వంగిన మర్రిగూడ పల్లెల క్షేమాన్ని అంచనా వేయలేం. అందుకే వేరే కొలమానాలూ చూడాలి. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ఆదాయాన్ని కాక ఆరోగ్యం, విద్య, జీవన ప్రమాణాల్లో 12 సూచికలను చూస్తుంది. తాగునీరు వాటిలో ఒకటి.