అత్త ఓటు

గురజాల దగ్గర ఒక పల్లె. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆ వీధి కుళాయికి నీళ్లు సరిగా రావడం లేదు. కోడలు ఓటరు చీటీ తెచ్చింది. అత్త కూడబలుక్కుని తన పేరు చదువుకుంది.

"మీ మామ చెప్పిన గుర్తుకే వేస్తాలే" అంది అత్త.

"ఓటు మామయ్యది కాదత్తా, నీది! ఇంగ్లీషువాళ్ల కాలంలో మన పల్నాడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1920లో స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. తాలూకా బోర్డుకు, జిల్లా బోర్డుకు ఎన్నికలు జరిగేవి. కాని పన్ను కట్టేవారికి, ఆస్తి ఉన్నవారికే ఓటు. కూలి చేసుకునే ఆడదానికి ఆస్తేది? ఓటేది?"

"మరి ఇప్పుడో?"

"1950లో రాజ్యాంగం వచ్చింది. పేదాగొప్పా లేకుండా ఓటిచ్చింది. ఇప్పుడు 18 ఏళ్లు నిండితే చాలు. 1993లో పంచాయతీ సీట్లలో మూడో వంతు ఆడవాళ్లకిచ్చారు. తరువాత మన రాష్ట్రంలో సగం చేశారు."

"ఎవరికి వేసిందీ తెలిసిపోదూ?"

"చాటున ముద్ర వేస్తావు. కాగితం మడిచి పెట్టెలో వేస్తావు. నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు."

పోలింగు రోజున అత్త గుర్తులన్నీ చూసింది. ఆలోచించింది. ముద్ర వేసింది.

"ఎవరికి వేశావే?" అన్నాడు మామ.

"కుళాయికి వేశాను" అంది అత్త.

ఆలోచించండి: మీ పంచాయతీలో ఆడ మెంబర్లు ఎందరు? వాళ్లు మీటింగుల్లో మాట్లాడుతున్నారా?