ముందు బోరు దగ్గర చెప్పండి

డిగ్రీ పిల్లలు ప్రాజెక్టుకు నాలుగైదు నెలలు పెడతారు. ఎండలో ఊళ్లు తిరుగుతారు, ల్యాబ్‌లో పొద్దు గూకేదాకా నిలబడతారు. తీరా సదస్సులో పది నిమిషాలు మాట్లాడే పనికి రెండు రోజులు కూడా మిగుల్చుకోరు. మంచి పని చేసి కూడా చెప్పలేక తల వంచుకుని వేదిక దిగిన విద్యార్థులను చూశాను. ఆ బాధే ఇది రాయిస్తోంది. తెలంగాణ డిగ్రీ కాలేజీల ‘జిజ్ఞాస’ స్టడీ ప్రాజెక్టులకు వెళ్లేవాళ్లకైనా, యూనివర్సిటీలో జరిగే విద్యార్థి సదస్సుకు వెళ్లేవాళ్లకైనా దారి ఒక్కటే. చెప్పడానికి వీలుగా నల్గొండ జిల్లాకు బాగా తెలిసిన అంశాన్నే తీసుకుంటాను: ఒక ఊరి బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంది?

ల్యాప్‌టాప్ తెరవక ముందే తెల్ల కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. “మేము 30 బోర్ల నీళ్లు పరీక్షించాం” అని రాస్తే అది మీరు చేసిన పని మాత్రమే. “30 బోర్లలో 18 బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది, దాటినవాటిలో ఎక్కువ లోతు బోర్లే” అని రాస్తే మీకు తెలిసిన కొత్త సంగతి. ఇక్కడి అంకెలు ఉదాహరణకే, మీ అంకెలు మీరు వేసుకోండి. ఆ వాక్యం రానంత కాలం స్లైడ్ల జోలికి పోవద్దు.

సంగ్రహం ఆ వాక్యం చుట్టూ అల్లుకుంటుంది. సాధారణంగా 250 పదాలు అడుగుతారు. సమస్య రెండు వాక్యాల్లో, పద్ధతి రెండు వాక్యాల్లో ముగించి, మిగతా చోటంతా ఫలితానికివ్వండి. “ఫలితాలను సదస్సులో వివరిస్తాం” అని రాసిన సంగ్రహాలు ఎన్నో వస్తాయి. గడువు నాటికి సగం పనే అయితే ఆ సగంలో తేలినదే రాయండి, అది తప్పు కాదు. మీకంటే ముందు ఎవరు చేశారన్నది కూడా ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో చూసిన ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. ఆ ప్రాంతమే తరువాత ప్రకాశం జిల్లాలో కలిసింది. ఈ ఒక్క మాట చెబితే చాలు, ఈ పిల్లలు చదివి వచ్చారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

స్లైడ్ల లెక్క చిన్నదే. పది నిమిషాలకు ఎనిమిది. ఒక్కో స్లైడ్‌లో ఒక్కో సంగతి, అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు. 30 వరుసల పట్టిక పెట్టి “ఇది మా డేటా” అంటే వెనక వరుసలో ఉన్నవాళ్లకు చీమల బారే కనిపిస్తుంది. దాని బదులు 30 కడ్డీల గ్రాఫ్ వేసి, 1.5 దగ్గర అడ్డంగా ఎర్ర గీత గీయండి. ఆ గీత ఎక్కడిదో మీకు తెలిసి ఉండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు.

పద్ధతి చెప్పే స్లైడ్ దగ్గర కొంచెం ఆగాలి. పిల్లలు ఇక్కడే “స్పాడ్న్స్ పద్ధతి వాడాం” అని ఒక్క ముక్కలో దాటేస్తారు. కళ్ల ముందు జరిగింది చెప్పండి. ఆ రియేజెంటు ఎర్రగా ఉంటుంది. అందులోని జిర్కోనియం రంగు పదార్థంతో జతకట్టి ఉంటుంది. నీటిలోని ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటుంది, దాంతో ఎరుపు పలచబడుతుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత తగ్గుతుంది. ఆ తగ్గుదలనే 570 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ కొలుస్తుంది. డిస్టిల్డ్ వాటర్ గొట్టం, ఊరి నీళ్ల గొట్టం పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో ఒక్కటి స్లైడ్‌లో ఉంటే హాలంతా మీ వెంట వస్తుంది. ఇంకో సంగతి. ఈ పద్ధతి 1.4 మిల్లీగ్రాముల వరకే నేరుగా కొలుస్తుంది. అంతకు మించిన నీళ్లను పలచన చేసి కొలిచి, వచ్చిన అంకెను మళ్లీ అన్ని రెట్లు చేయాలి. ఆ గుణింతం మరిచిపోతే ప్రాజెక్టు మొత్తం తలకిందులవుతుంది. గ్రాఫ్ వేసే ముందు రికార్డు బుక్కు తీసి ప్రతి అంకెనూ ఇంకొకరి చేత సరిచూపించుకోండి.

పోస్టరైతే ఎ0 సైజు అడుగుతారు: 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. మన ఊళ్లలో దాన్ని ఫ్లెక్సీ షాపులోనే వేయిస్తాం. మూడడుగులు నాలుగడుగులు అంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వేయించే ముందు అదే ఫైలును ఎ4 కాగితం మీద ప్రింటు తీసి చూడండి. అన్నీ నాలుగో వంతుకు కుదించుకుపోతాయి, 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లవుతుంది. చేతిలో పట్టుకుని ఆ కాగితాన్ని చదవగలిగితే పోస్టరును కాస్త దూరం నుంచి చదవవచ్చు. తెలుగు అక్షరాలుంటే ఫైలును తప్పక పీడీఎఫ్ చేసి ఇవ్వండి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వేరే కంప్యూటర్‌లో అర్థం కాని గుర్తులుగా మారిపోతుంది.

ఇక రిహార్సల్. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిషు పేరాలు బట్టీ పడతారు. ఒకసారి ఒక అమ్మాయి మూడో స్లైడ్ దగ్గర ఆగిపోయింది. ఒక మాట జారింది, దాని వెనక మొత్తం జారిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన “తెలుగులో చెప్పు తల్లీ, ఏం ఫరవాలేదు” అన్నారు. అంతే, ఆ అమ్మాయి గడగడా రెండు నిమిషాల్లో విషయమంతా చెప్పేసింది. విషయం రాక ఆగలేదు, మాట దొరక్క ఆగింది. అప్పటి నుంచి మా పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే. మొదటి రిహార్సల్ కాలేజీలో కాదు, శాంపిల్ తెచ్చిన బోరు దగ్గర. తెలుగులో, ఆ బోరు నీళ్లు తాగేవాళ్ల ముందు.

అక్కడ ఎవరూ స్లైడ్లు చూడరు. ఒక పెద్దమ్మ బిందె చంకన పెట్టుకుని అడుగుతుంది: “తాగొచ్చునా, వద్దా బిడ్డా? గదొక్కటి చెప్పు.” జడ్జీ ఇంగ్లిషులో అడిగే “మీ ముగింపు ఏమిటి” అన్న ప్రశ్న ఇదే. ఇంకొకరు “కాగబెట్టి తాగితె పోతదా?” అంటారు. పోదు. కాస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, కాబట్టి దాని సాంద్రత పెరుగుతుంది. ఈ జవాబు తడుముకోకుండా చెప్పగలిగిన విద్యార్థికి కెమిస్ట్రీ వచ్చినట్టే. “వానకాలంల గుడ గింతె ఉంటదా?” అని ఎవరైనా అంటే, మే నెలలో ఒక్కసారే శాంపిళ్లు తీసిన మన పని ఎక్కడ ఆగిందో మనకే తెలుస్తుంది. “నల్లా నీళ్లు వస్తున్నయి గద, బోరు నీళ్లు ఎవలు తాగుతుండ్రు?” అనీ అడుగుతారు. మిషన్ భగీరథ వచ్చాక జడ్జీలు తప్పక అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు, ఇంటింటికీ పోయి అడిగి రాసుకోవాల్సిందే.

ఇది అయ్యాక ఇంగ్లిషులోకి మార్చుకోండి. చిన్న వాక్యాలు చాలు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని స్నేహితుల ముందు నాలుగైదుసార్లు చెప్పండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం బట్టీ పట్టండి, మధ్యలోది అర్థం పట్టుకుని మాట్లాడండి. తొమ్మిది నిమిషాల్లో ముగిస్తే మంచిది, వేదిక మీద ఒక నిమిషం ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

జడ్జీలు మాత్రమే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. శాంపిళ్లు గాజు సీసాల్లో తెచ్చారా, ప్లాస్టిక్ సీసాల్లోనా? ప్లాస్టిక్‌వే వాడాలి. ఆ నీటిలో పటిక వేశారా? ఈ ప్రశ్నకు చాలామంది తెల్లమొహం వేస్తారు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. అలా శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలితే స్పాడ్న్స్ రీడింగ్ దెబ్బతింటుంది. ఇలాంటి ప్రశ్నలు పదిహేను రాసుకుని జవాబులు సిద్ధం చేసుకోండి. తెలియనిది అడిగితే “అది మేము పరీక్షించలేదు సార్” అనండి. అలా అన్నందుకు ఎవరూ మార్కులు తగ్గించరు. ఊహించి చెబితే మాత్రం తరువాతి ప్రశ్నకే దొరికిపోతారు.

బయలుదేరే రోజు పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. రికార్డు బుక్కు చేతిలో. గంట ముందే చేరి, ఆ హాలు కంప్యూటర్‌లోనే స్లైడ్లు ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఏ స్లైడ్‌లోనూ ఇంటివాళ్ల పేర్లు ఉండకూడదు, బోరు నంబర్లే ఉండాలి.

అంతకంటే ముందు ఇంకొక పని ఉంది. నీళ్లిచ్చిన ప్రతి ఇంటికీ ఒక చీటీ చేరాలి: బోరు నంబరు, శాంపిల్ తీసిన తేదీ, ఫ్లోరైడ్ ఎంత. 1.5 దాటితే ఆ నీళ్లను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో మరోసారి చూపించుకొమ్మని తెలుగులో ఒక్క వాక్యం. ప్రాజెక్టులకు గైడ్లుగా ఉన్న అధ్యాపకులను నేను కోరేది ఒక్కటే. ఆ 30 చీటీలు ఊరికి చేరాయో లేదో అడగండి. చేరాయన్నాకే సదస్సు దరఖాస్తు మీద సంతకం పెట్టండి.