ట్రాక్టరు విద్యుత్తు దోషములను కనుగొను క్రమము

కోతల దినములలో ట్రాక్టరు కదలనిచో రైతునకు కలుగు నష్టము ఇంతింత కాదు. ఆ తొందరలో పెక్కుమంది బ్యాటరీ చెడినదని తలచి క్రొత్తదానిని కొనుచున్నారు. దోషము మఱియొకచోట నున్నచో కొన్ని దినములకు క్రొత్తదియు నట్లే నిలిచిపోవును. నాడి చూడక మందీయరాదు. పరీక్షింపక సొమ్ము వెచ్చింపరాదు. కావున పరీక్షాక్రమము నిచట వ్రాయుచున్నాము.

1. దీపముల పరీక్ష.— గేరును న్యూట్రలున నుంచి, క్లచ్చి త్రొక్కి, ముందు దీపములు వెలిగించి సెల్ఫు త్రిప్పవలెను. వేఱొకరు ప్రక్కగా నిలిచి దీపములను చూడవలెను. అవి మొదటినుండియు మందముగా నున్నచో బ్యాటరీలో శక్తి తఱిగినదని తెలియవలెను. బాగుగా వెలుగుచుండి సెల్ఫు త్రిప్పగనే పూర్తిగా ఆరినచో, సాధారణముగా బ్యాటరీ కొనలయొద్దనో ఎర్తుతీగ యొద్దనో బిగువు తప్పియుండును, లేదా చిలుము పట్టియుండును. వెలుగు తగ్గక, సెల్ఫు పలుకకున్నచో దానికి విద్యుత్తు చేరుట లేదు. ఫ్యూజును, స్విచ్చి తీగలను చూడవలెను.

2. మీటరు పరీక్ష.— 12 వోల్టుల బ్యాటరీలో 6 గదులుండును. రాత్రి విశ్రమించిన పిమ్మట సుమారు 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది. 12 చూపినచో చాలవఱకు తఱిగినది. ఇంజను నడుచునపుడు 13.8 మొదలు 14.4 వఱకు నుండవలెను. అంకె పెరుగనిచో ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుట లేదు. ఇంజను ఆపి, ముందుగా బెల్టు వదులైనదేమో చూడవలెను. ఈ దోషమును సరిచేయక ఎన్ని బ్యాటరీలు మార్చినను ఫలము లేదు.

3. చిలుము తీయుట.— నేటి ట్రాక్టర్లలో సాధారణముగా నెగటివు కొన ఇంజను దేహముతో కలిసియుండును. కావున నెగటివు తీగను ముందుగా విప్పి, చివర బిగింపవలెను. అట్లు చేయనిచో పానా ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. వంటసోడా కలిపిన నీటితో, అది గదులలోనికి పోకుండ, కొనలను తుడిచి, ఆరిన పిమ్మట బిగించి వాసెలైను పూయవలెను. గదులలో శుద్ధజలము తప్ప బావినీరు పోయరాదు.

హెచ్చరిక.— బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును. దానిచెంత బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు. ఫ్యూజు పోయినచోట రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు తాను కాలి బండిని కాపాడును. రాగితీగ తాను నిలిచి బండిని కాల్చును. గడ్డివాములనడుమ తిరుగు యంత్రమునకు ఇది ప్రాణాపాయము.

ప్రతి సంఘమును ఒక మీటరును కొని యుంచినచో సభ్యులందఱకు నుపకరించును. క్రొత్త బ్యాటరీ వెలతో పోల్చిన, మీటరు వెల స్వల్పము.